చోటు నేర్చిన బిళ్ళ

వైశాఖం, సోమవారం. రేగులపాడు చెలకలు.

టవర్ బండి దినచర్య. రాస్తున్నది సిద్దవ్వ, కడారి ఓదేలు కోడలు. గుట్ట మీది టవర్ల కేంద్రం వాళ్ళు రోజువారీ సంగతులు శుభ్రమైన భాషలో, క్లుప్తంగా రాయమన్నారు. శుభ్రంగా రాయడం నాకు వచ్చు, పదో తరగతి దాకా చదివాను. క్లుప్తంగా రాయడం మాత్రం నా వల్ల కాదు. చదివేవాళ్ళకు ఓపిక లేకపోతే అది వాళ్ళ ఖర్మ.

ఇక బయట తిరగొద్దనే ఎండ సైరన్ మోగేలోపు రేగులపాడు చేరాం. పొలాల మూలన ఉన్న ఒంటరి మోదుగు చెట్టు దగ్గర బండి ఆపి, నీడగుడ్డలు కట్టి, గొర్రెలను వాటి కిందికి తోలాం. ఈ ఊరి నేల బూడిదలా ఉంది. ఎరువుల ఫ్యాక్టరీలు మూతపడ్డాక వీళ్ళకు మా గొర్రెల పెంటే దిక్కు. ఈ నెలంతా మంద ఇక్కడే పెట్టమన్నారు. గొర్రెలు నేలకు బలమిస్తాయి, బండి మీది టవర్ చుట్టుపక్కల ఊళ్ళకు ఫోను మాటలిస్తుంది. పాతకాలపు పెద్ద టవర్లు గాలివానలకు కూలిపోయాక, ఈ మెట్టలో టవర్లన్నీ మందల వెంట నడిచేవే.

పోయిన నెల పిడుగు పడి మా టవర్లోని పాత శాటిలైట్ పెట్టె కాలిపోయింది. అది ట్రంకు పెట్టెంత ఉండేది. దాని బదులు కేంద్రం ఒక చవక బిళ్ళ పంపింది. దాన్ని అరచేతిలో పెట్టి చూపిస్తే మా మామ ఓదేలు పగలబడి నవ్వాడు.

"గింతదా? నా చిటికెనవేలు గోరంత లేదు. దీన్ని నమ్ముకోని మంద తోల్తమా?"

"పిట్ట కొంచెం కూత ఘనం నాయినా" అన్నాడు మా ఆయన రాజీరు.

"కూత ఇనవడ్తే గద బిడ్డా!"

ఈ బిళ్ళ చేసే పని ఇది. గాలి ఒక్కటే, టవర్లు చాలా. ఒక్క నల్లా దగ్గర పదిమంది ఆడవాళ్ళు బిందెలు పెట్టినట్టు, ప్రతి టవరూ తన వంతు వచ్చినప్పుడే మాట్లాడాలి. వంతు తెలియాలంటే అన్నిటికీ ఒకటే వేళ తెలియాలి. ఆ వేళను బిళ్ళ శాటిలైట్లను చూసి లెక్కగడుతుంది. అయితే తానెక్కడ ఉందో సరిగ్గా తెలిస్తేనే వేళ సరిగ్గా చెప్పగలదు. అందుకని కొత్త ఊరు రాగానే టవర్ మీది పచ్చ మీట నొక్కి ఒక పగలూ ఒక రాత్రీ దాన్ని కదపకుండా వదిలేయాలి. అది చోటు నేర్చుకుంటుంది. అప్పటిదాకా టవర్ నోరు మెదపదు.

టవర్ మూగగా ఉంటే నాకు దడ. ఎందుకంటే మామ మెడలో కూడా ఒక బిళ్ళ ఉంది, విత్తన పొట్టేలు మెడలో ఉన్నదాని లాంటిదే. ఆయన ఎక్కడున్నాడో అది టవర్‌కు చెబుతుంది. మామకు మతిమరుపు వచ్చి రెండేళ్ళయింది. ఎటో నడిచి వెళ్ళిపోతాడు. మతి తప్పిన ముసలివాళ్ళు ఎండాకాలం మంద వెంట నడవడానికి వీల్లేదని, పట్నంలోని నీడఇంట్లో అప్పజెప్పాలని చట్టం. మెడలో బిళ్ళ ఉండి, దాని మాట వినే టవర్ పక్కన ఉంటేనే మినహాయింపు. నిరుడు ఒక్క వారం నీడఇంట్లో పెట్టాం. గోడ వైపు తిరిగి పడుకున్నాడట, ముద్ద ముట్టలేదట. తీసుకురావడానికి వెళ్ళిన నన్ను చూసి మాట్లాడకుండా చెప్పులు వేసుకున్నాడు. ఇంకోసారి అక్కడికి పంపే ప్రశ్నే లేదు, నేను బతికి ఉండగా జరగదు.

ఈ రోజు ఉన్ని చిక్కు తీయమని ఆయన్ను నా ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. "జైల్లేసినవ్ గదనే" అంటూ రోజంతా సణిగాడు.

బుధవారం. అక్కడే.

టవర్ మాట్లాడుతోంది. కేంద్రం నుంచి జబీన్ అనే అమ్మాయి లైన్‌లోకి వచ్చి "మస్తున్నది అక్కా, ఏం తేడా లేదు" అంది. మా ప్రాంతపు టవర్లన్నిటి బాగోగులూ ఆ పిల్లవే. గొంతులో నవ్వుంటుంది.

తెల్లవారుజామున జొన్న గటక కలుపుతుండగా మామ కర్ర పట్టుకుని మాయమయ్యాడు. బండిలోని తెర తెరిస్తే, పటం మీద ఆయన బిళ్ళ చూపే చుక్క వాగు వైపు పోతోంది. పరుగెత్తి అందుకున్నాను.

"ఏడికి మామా, పొద్దుగాల్నే?"

"నల్లబొట్టుది ఈనేటట్టున్నది పిల్లా. కనవడ్తలేదు."

నల్లబొట్టు గొర్రె నేను కాపురానికి రాకముందే చచ్చిపోయిందట. "అది మందల్నే ఉన్నది, పా" అన్నాను.

"అబద్ధం జెప్తే నీ ముక్కు ఎర్రగైతది" అన్నాడు. అయినా వెనక్కి తిరిగాడు. దారంతా నా నడక బాతు నడకని ఎగతాళి చేశాడు. నాకు కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది.

సాయంత్రం రోజూ ఉండే పనే. తడికలు పీకి పక్క చెలకలో నాటాం. మంచాలు, పొయ్యిరాళ్ళు, బండి అన్నీ జరిపాం. గొర్రెలు బండి చుట్టూ తప్ప పడుకోవు, వాటికి అదే ఇల్లు. రోజుకో చెలకలో పడుకుంటేనే ఊరంతా పెంట సమంగా పడుతుంది, గొర్రెల గిట్టలూ కుళ్ళవు. మామ మాత్రం తన మంచం కోసం పాత చోటుకే వెళ్తాడు. రోజూ వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకురావాలి.

రెండో ఆదివారం.

జబీన్ గొంతులో నవ్వు తగ్గింది. "అక్కా, మీ టవర్ జెర వంతు తప్పుతున్నది. కొంచెమే, గని రోజురోజుకు పెరుగుతున్నది. బండి ఏమన్న చోటు మార్చినారా?"

"ఏడికి మారుస్తం? రేగులపాడులనే ఉన్నం గద."

"మరి నెత్తి మీద ఏమన్న అడ్డం వచ్చిందేమో చూడండి."

చూశాను. బిళ్ళను బిగించిన గొట్టానికి దుమ్ము పట్టి ఉంది, తుడిచాను. పైన రాజీరు దిష్టికి కట్టిన నిమ్మకాయలు వేలాడుతుంటే పీకి పారేశాను. "దిష్టి తగిలితే నన్నడగకు" అని ఆయన మొహం ముడుచుకున్నాడు. శాటిలైట్లకు దిష్టి తగలదయ్యా అంటే, గింత చవకదానికి తొందరగా తగుల్తదని ఆయన వాదన. మామ కొడుకు పక్షమే వహించాడు. నేను ఎడ్డెమంటే తండ్రీకొడుకులిద్దరూ తెడ్డెమంటారు, నా ఖర్మకు.

తుడిచినా లాభం లేదు. రాత్రికి ఇంకా తప్పిందట.

బుధవారం.

ఈ రోజు గొడవైంది. వాగు అవతల మంద పెట్టిన మల్లేశం చెప్పులు టపటపలాడిస్తూ వచ్చి బండి ముందు నిలబడ్డాడు.

"మీ టవర్ మా టవర్ నోరు నొక్కుతున్నది. మా మెడబిళ్ళలు ఒక్కటి పలుకుతలేవు. రెండు పిల్లలు తప్పిపోయినయ్, ఒకటి బాయిల పడి సచ్చింది. గిదేం న్యాయం?"

మల్లేశానికి గొర్రెపిల్ల అంటే బిడ్డతో సమానం. కుండలో అంబలి పోసి ఇచ్చాను. తిడుతూనే తాగాడు.

మధ్యాహ్నం జబీన్ లైన్‌లోకి వచ్చింది. "అక్కా, మా కేంద్రం పెద్ద వేదప్రకాశ్ సార్ ఆర్డర్ ఏసిండు. శుక్రారం లోపల మీ టవర్ గాడిల పడకపోతే బంద్ చేస్తరు."

"బంద్ చేస్తే మా మామ?"

ఆ పిల్ల మళ్ళీ శుక్రవారం గడువు మాటే ఎత్తబోయింది.

"జబీన్, నిన్నే అడుగుతున్న. మా మామ సంగతేంది?"

"టవర్ లేకపోతే మినహాయింపు లేదక్కా. నీడఇంటి బండి శనారం వస్తది. నాకు గూడ మంచిగనిపిస్తలేదు."

బిళ్ళను బండబూతులు తిట్టాను. చవక సరుకు అంటగట్టి మా ప్రాణం తీస్తున్నారని కేంద్రాన్ని కూడా తిట్టాను. ఇవన్నీ కేంద్రం వాళ్ళే చదువుతారని తెలుసు. చదవనీ. వెనక్కి తిరిగితే మామ నీడగుడ్డ అంచున నిలబడి ఉన్నాడు. ఎంత విన్నాడో, ఎంత అర్థమైందో తెలియదు. "దేనికి ఒర్లుతున్నవ్ పిల్లా?" అన్నాడు. ఏం లేదు మామా అన్నాను.

గురువారం.

ఈ రోజు జరిగింది రాయాలని లేదు. అయినా రాస్తాను.

ఎండ సైరన్ మోగాక మామ మంచం ఖాళీగా ఉందని రాజీరు అన్నాడు. తెర తెరిచాను. మామ చుక్క మంద నడుమనే ఉంది. హమ్మయ్య అనుకున్నాను. వెళ్ళి చూస్తే అక్కడ మామ లేడు. పొట్టేలు నెమరేస్తూ నా వైపు చూస్తోంది. దాని మెడలో రెండు బిళ్ళలున్నాయి.

మామ తన బిళ్ళ విప్పి పొట్టేలుకు కట్టాడు. నల్లదారం రెండు ముళ్ళు, ఆయన వేసే ముడే. టవర్‌కు పిచ్చెక్కింది తన బిళ్ళ వల్లేననుకున్నాడేమో. నిన్న నేను అరవకుండా ఉంటే ఎంత బాగుండేది!

ఆ ఎండలో నీడ దాటి బయటికెళ్తే గట్టివాళ్ళే పడిపోతారు. రాజీరు తడిగుడ్డ తలకు చుట్టుకుని వాగు వైపు పరుగెత్తాడు. నేనెటు వెళ్ళాలో తెలియక తెర వంక పిచ్చిదానిలా చూస్తూ నిలబడ్డాను. బండికి ఆనుకునే పొట్టేలు ఉంది, చెయ్యి చాపితే అందుతుంది. కానీ తెర మీద పొట్టేలు చుక్క ఒక చోట, టవర్ గుర్తు ఎక్కడో ఊరి ఆ చివర ఉన్నాయి. మోదుగు చెట్టు దగ్గర. మేము మొదటి రోజు బండి దింపిన చోట.

మామ కళ్ళ ముందుంటే నేనెన్నడూ తెర తెరవను. వాగు వైపో గుట్ట వైపో పోయినప్పుడు ఆయన చుక్క ఒక్కటే చూస్తాను. టవర్ ఎక్కడుందో తెర మీద చూడాల్సిన పనేముంది, ఎదురుగానే ఉంటే?

అప్పుడు ఆలోచించే తీరిక లేదు. కానీ ఒక్కటి తట్టింది. ఈ టవర్ ఇంకా మొదటి చోటులోనే ఉన్నాననుకుంటోంది. రోజూ సాయంత్రం పాత చోటుకే పోయి మంచం వెతుక్కునే మనిషి కూడా నా ఇంట్లో ఒకడున్నాడు. నీళ్ళ సీసా అందుకుని, చెప్పులు కూడా లేకుండా మోదుగు వైపు పరుగెత్తాను.

ఉన్నాడు. చెట్టు మొదట్లో, ఆకుల్లేని కొమ్మల కింద, తువ్వాలు తల మీద వేసుకుని కూర్చున్నాడు. పెదవులు ఎండి పగిలాయి. నన్ను చూసి ఎవరో పరాయి మనిషిని పలకరించినట్టు మర్యాదగా అన్నాడు.

"మా మంద ఇంక రాలేదమ్మా. గీడనే దిగుతరు. జెర మంచినీళ్ళుంటే పోస్తరా?"

నన్ను మీరు అన్నాడు. పదేళ్ళుగా పిల్లా అని, కోతి అని, బాతు అని పిలిచినవాడు. ఆ ఎండ కంటే అదే ఎక్కువ కాల్చింది. సీసాలో నీళ్ళు తాగించి, మిగతావి నెత్తిన పోసి, నా భుజం మీద ఆయన చెయ్యి వేసుకుని నడిపించాను. సగం దారిలో ఆయన నా కాళ్ళ వంక చూశాడు.

"చెప్పుల్లేవ్. కాళ్ళు గాల్తయ్ గదనే, తిక్కదానా."

అప్పుడు ఏడ్చాను. ఇప్పుడు రాస్తున్నా ఏడుపొస్తోంది.

ఆయన నీడలో పడుకుని నిద్రపోయాక జబీన్‌ను పిలిచాను. రోజూ సాయంత్రం మంద పక్క చెలకలోకి జరుపుతామని, బండి కూడా జరుగుతుందని చెప్పాను.

"రోజూనా? అక్కా! చోటు మార్చినారా అని అడిగితే లేదంటిరి గద!"

"ఊరు మారుతే గద చోటు మారినట్టు? మంద జరుపుడు మాకు మంచం జరుపుకున్నట్టే. గది చెప్పాలని ఎవరికి తోస్తది?"

"మరి పాత పెట్టెతోని ఎట్ల నడిచింది?"

"గదే నిన్నడుగుతున్న."

జబీన్ విడమరిచి చెప్పింది. పాత పెట్టె ఖరీదైనది, క్షణక్షణం తన చోటు తాను చూసుకునేది. ఈ చవక బిళ్ళ ఊళ్ళలో గోడలకు బిగించేది. ఒకసారి చోటు నేర్చుకుంటే ఇక దాన్నే నమ్ముతుంది. మేము జరిపే కొద్దీ దాని లెక్క అంతకంత తప్పుతూ వచ్చింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఇన్నాళ్ళూ నేను బిళ్ళను తిట్టాను. అయితే గోడకు పెట్టేదాన్ని బండికి పంపిందెవరు? కేంద్రంలో ఎవరికీ మంద తెలియదు, మందలో ఎవరికీ బిళ్ళ తెలియదు. ఆ మాట జబీన్‌తో అన్నాను. తప్పు మాదీ ఉందక్కా అని ఒప్పుకుంది.

రోజూ పచ్చ మీట నొక్కుదామంటే ఒక పగలూ ఒక రాత్రీ టవర్ మూగబోతుంది. మందను జరపకుండా ఉంచుదామంటే గిట్టలు కుళ్ళుతాయి, ఊరికిచ్చిన మాట పోతుంది. బండిని ఒక్కచోట వదిలి మందను జరుపుదామంటే గొర్రెలు పడుకోవు. వాగు నుంచి తిరిగొచ్చిన రాజీరు పొట్టేలు మెడలోంచి మామ బిళ్ళ విప్పుతున్నాడు.

"జబీన్, పొట్టేలు మెడల ఉన్న బిళ్ళ రోజంత నడుస్తది. అది తప్పుతలేదు గద?"

"అది నడిచే జీవాలకు చేసింది అక్కా. దానికి వేళ అంత నికరంగ తెల్వదు, గని చోటు ఎప్పటికప్పుడు..." అని ఆగిపోయింది. "ఆగు ఆగు. దాన్ని టవర్‌కు కడితే అది చోటు చెప్తది. ఆ చోటు పట్టుకోని ఇది వేళ చెప్తది. నేను ఈడికెల్లి రెండిటికి జత కడ్త."

మామ బిళ్ళ మామ మెడలోకి తిరిగి వచ్చింది. పొట్టేలుది విప్పి టవర్ గొట్టానికి కట్టాం. పొట్టేలుకు గంట, తాడు మిగిలాయి. అది నన్ను ఇప్పటికే రెండుసార్లు కుమ్మింది.

శుక్రవారం.

ఉదయం బండిని కొత్త చెలకలోకి జరిపి చూశాం. తెర మీద టవర్ గుర్తు కూడా మా వెంటే వచ్చింది. వాగు అవతలి నుంచి మల్లేశం తన గొర్రెలన్నీ పలుకుతున్నాయని కేకేసి చెప్పాడు. రాజీరు ఎగిరి గంతేశాడు. నేను మాత్రం కుదుటపడలేదు. నేను రాసిన దాన్ని బట్టే నిన్న మామ తప్పిపోయిన సంగతి కేంద్రంలో నమోదైపోయింది. టవర్ బాగుపడినా, మనిషి మంద వెంట నడవగలడో లేదో తానే చూస్తానని వేదప్రకాశ్ సార్ కబురు పెట్టాడు.

మామకు తలకు నూనె రాసి, ఉతికిన ధోవతి కట్టి, గొంగడి భుజాన వేసి తెర ముందు కూర్చోబెట్టాను. తెరలో సార్, పక్కన జబీన్. ఆ పిల్లను మొదటిసారి చూశాను. నేననుకున్న దానికంటే చిన్నది.

"అమ్మా, మీరు అందించొద్దు" అన్నాడు సార్ ముందే. తర్వాత మామ వైపు తిరిగాడు. "పెద్దాయనా, నీ పేరేంటి?"

"కడారి ఓదేలు."

"ఈ రోజు ఏ వారం?"

"నీకు తెల్వదా? సదువుకున్నోని లెక్క కనవడ్తున్నవ్."

జబీన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సార్ నవ్వలేదు. "నీ కొడుకు పేరు చెప్పు."

మామ చాలాసేపు వెతుక్కున్నాడు. "కొమ్రయ్య" అన్నాడు చివరికి. కొమ్రయ్య ఆయన తమ్ముడు, ఎప్పుడో పోయాడు. రాజీరు తల దించుకుని కాలి బొటనవేలితో మట్టి గీకాడు. మా ఆయన్ను అలా చూడటం నా వల్ల కాలేదు.

సార్ ఏదో రాసుకున్నాడు. "ఆఖరు ప్రశ్న. పెద్దాయనా, ఇప్పుడు నువ్వు ఎక్కడ ఉన్నావు?"

మామ చుట్టూ చూశాడు. చెలకను చూశాడు, గొర్రెలను చూశాడు. రేగులపాడు అనే మాట నా నాలుక చివర మండుతోంది. నోరు విప్పితే మొదటికే మోసం. మామ చెయ్యి గాల్లో తడుముకుంటూ వచ్చి నా కొంగు పట్టుకుంది.

"ఏడుంటనయ్యా" అన్నాడు, అదేం ప్రశ్న అన్నట్టు. "నా కోడలు కాడ్నే ఉన్న."

సార్ కలం ఆగింది. ఆయన చూపు పక్కనున్న పటం మీదికి వెళ్ళింది. అదే పటం నా తెర మీదా ఉంది. టవర్ గుర్తు మీద మామ చుక్క కూర్చుని ఉంది.

"చోటు సరిగ్గానే చెప్పాడు" అన్నాడు సార్. "జబీన్, మినహాయింపు పొడిగించు. ఎండలు పోయేదాకా."

రాజీరు తండ్రి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. నేను కొంగు విడిపించుకుని, దాన్నే నోట్లో కుక్కుకుని బండి వెనక్కి పోయాను. అక్కడ కూడా వదలకుండా నా వెనకే వచ్చాడు మామ.

"ఎందుకేడుస్తున్నవే? ఎవడేమన్నడు నిన్ను? నా కర్ర ఇటియ్యి."